ఆస్వాదమును అప్రమత్తతయును

జపాను దేశమున జెన్ సంప్రదాయమునకు చెందిన ఆలయములకు పోవువారికి ద్వారము చెంతనే యొక శిలాస్తంభము తఱచుగా కనబడును. ఉల్లి, వెల్లుల్లి మొదలగు ఘాటుపదార్థములును మద్యమును ఈ గడప దాటి లోనికి రాగూడదని దానిపై చెక్కబడి యుండును. ఆ శాసనమునందు మొగమాటము లేదు, మినహాయింపు లేదు. అయినను అదే దేశమున, అదే బుద్ధుని శరణు జొచ్చిన భిక్షువులే, నారా నగరమునకు ఆగ్నేయదిక్కున కొండల నడుమ నున్న షోర్యాకుజి యను ఆలయమున, పదునైదవ శతాబ్దినాటికే బియ్యమును పులియబెట్టి సాకే యను మద్యమును సిద్ధపఱచు విద్యను అంతకు ముందెన్నడును ఎఱుగని నైపుణ్యమునకు చేర్చిరి. పులియుటకు మూలమగు తోడును పుల్లనినీటితో కాపాడుకొను పద్ధతి వారిది. బూజు పట్టించు బియ్యమును, విడిగా ఉడికించి కలుపు బియ్యమును, రెంటినిగూడ తెల్లగా దంచి వాడు పద్ధతియు నారా ఆలయములనుండి వచ్చినదే. అదే నగరమున కోఫుకుజి మహావిహారమునకు చెందిన తామోనిన్ భిక్షువులు వ్రాసికొన్న దినచర్యగ్రంథమున, 1560 దశకపు వ్రాతలలో, సాకేను మెల్లగా వేడిచేసి చెడకుండ నిలువచేయు ఉపాయము పేర్కొనబడినది. ఐరోపాఖండమున లూయీ పాశ్చరు ద్రాక్షమద్యముపై ఇట్టి పరీక్షలను చేసినది ఆపైని మూడువందల యేండ్లకు.

ఈ రెంటిని ఎదురెదురుగా నిలిపి, చెప్పునది యొకటి చేయునది యొకటి యని తీర్పు పలికి వెడలిపోవుట సులభము. ఆలయములకు ధనము కావలసి యుండెననియు, మాన్యములనుండి వచ్చు శిస్తుబియ్యము వారియొద్ద మెండుగ నుండెననియు చరిత్రకారులు చెప్పుదురు, అది నిజమే. కాని ధనాశ మాత్రమే యున్నచోట సరకు పెరుగునే గాని రుచి సూక్ష్మము కాదు. ఆ భిక్షువులు గింజగింజను తెల్లబఱచుటయందును, వేడిమి పాళమును కనిపెట్టుటయందును చూపిన శ్రద్ధ, గ్రంథములను అభ్యసించుటయందు వారు చూపిన శ్రద్ధకు వేఱైనది కాదని నా నమ్మిక. నిషిద్ధవస్తువునందు ఇంతటి శ్రద్ధ యెట్లు నిలిచెను? శ్రద్ధతో చేసినదానిని శ్రద్ధతోనే ఆస్వాదించినచో, ఆ ఆస్వాదము నిషేధమునకు లోబడునా, లేక నిషేధమునకు మూలమైన దోషము దానిని అంటకుండునా? ఈ ప్రశ్న చిరకాలముగా నా మనస్సున మెదలుచున్నది.

బౌద్ధుల పంచశీలములలో ఐదవది సురామైరేయాదులను విడువుమని చెప్పును. హింసయు చౌర్యమును వ్యభిచారమును అసత్యమును మానవలెనను మొదటి నాలుగు శీలములును తమకు కారణము చెప్పవు. అవి స్వతస్సిద్ధములైన దోషములను గూర్చినవి. ఐదవది మాత్రము తన హేతువును తనలోనే ఇముడ్చుకొన్నది: ఈ పదార్థములు ప్రమాదమునకు, అనగా ఏమరుపాటునకు, నెలవులగుటచేత విడువదగినవి. దోషము ద్రవమునందు గాక, ద్రవమువలన చిత్తమునకు గలుగు స్థితియం దున్నదని దీని భావముగా నాకు తోచును. మన యితిహాసము చెప్పునదియు ఇదియే. రాక్షసులు కచుని భస్మమును సురలో కలిపి త్రావింపగా, మృతసంజీవని నెఱిగిన శుక్రాచార్యుడు తన ప్రియశిష్యుడు తన కడుపులోనే యున్నాడని యెఱుగలేకపోయెను. ఎఱిగిన పిదప మద్యపానమును మహాపాతకముగ శపించెను. నన్నయభట్టు ఆదిపర్వమున తెనిగించిన యీ కథలో సురపై పడిన శాపమునకు మూలము అంతటి ఆచార్యుడు ఏమఱిన ఆ యొక్క క్షణమే. మఱి అదే వైదికసంప్రదాయమున సౌత్రామణి యను యాగమునందు సురయే ఆహుతి. వర్జించుటయు అర్పించుటయు ఒక్క ధర్మమునందే ఇమిడియుండుట మనకును క్రొత్త కాదు.

కావున ప్రశ్న నిట్లు దిద్దుకొందును: రుచిని సూక్ష్మముగ తెలిసికొను ప్రయత్నము చిత్తమును ఏమరుపాటులోనికి త్రోయునా, మేలుకొల్పునా? దీనికి బదులు చెప్పుటకు ముందు ఆ పానీయములను గూర్చి కొంత తెలియవలెను. ఏలయన, వాని భేదముల నెఱుగనివానికి అవి యన్నియు ఒక్కటే మత్తు.

ద్రాక్షరసమునందు చక్కెర సహజముగనే యున్నది; ఈస్టు సోకినంతనే అది పులియును. బియ్యమునం దట్టి చక్కెర లేదు, పిండి మాత్రమే కలదు. ఆ పిండిని చక్కెరగా మార్చునది కోజి యను బూజు. ఆవిరిపై ఉడికించిన బియ్యముపై ఆ బూజువిత్తనములను చల్లి, వెచ్చని కొయ్యగదిలో రమారమి రెండు దినములు, రాత్రి పగలను భేదము లేక, విడదీయుచు, త్రిప్పుచు, కప్పుచు పెంచుదురు. పిమ్మట ఈ కోజిబియ్యమును, వేఱుగ ఉడికిన బియ్యమును, నీటిని, ఈస్టును ఒక్క తొట్టిలో చేర్పగా, ఒకవంక పిండి చక్కెర యగుచుండగనే మఱొకవంక ఆ చక్కెర మద్యసారముగ మాఱుచుండును. ఈ రెండు పరిణామములును ఒకదానివెనుక నొకటిగాక ఒక్క పాత్రలో ఒక్క కాలముననే జరుగుటచేత, బట్టీ పెట్టకుండగనే సాకే నూటికి 20 పాళ్లవఱకును సారమును పొందగలదు. నీరు కలిపి 15, 16 పాళ్లకు దించి సీసాల కెత్తుదురు. ఈ బూజువిద్యను, సాకేతోబాటు షోచూ, అవమోరి యను బట్టీపానీయములను గూడ చేర్చి, 2024 డిసెంబరులో యునెస్కో మానవజాతి వారసత్వముగ గుర్తించినది.

సాకేలోని భేదములలో కొన్ని గింజను ఎంత చెక్కుదు రనుదానిని బట్టి ఏర్పడును. గింజ వెలుపలి పొరలలో మాంసకృత్తులును క్రొవ్వును ఎక్కువ. నడిమి గర్భమున పిండి. గింజబరువులో 60 పాళ్లకు మించకుండ మిగులునట్లు చెక్కిన బియ్యముతో చేసినది గింజో; 50 పాళ్లకు మించనిది దైగింజో. ఈ రెండవదానిని చేయువాడు తనకు దొరికిన ధాన్యములో సగమునో, అంతకు మించియో విడిచిపెట్టును. అట్లు మిగిలిన గర్భమును చలికాలమున తక్కువ వేడిమిలో బహునిదానముగ పులియబెట్టగా, బియ్యమును నీటిని దప్ప మఱొండెఱుగని పాత్రనుండి ఆపిలుపండు పరిమళమును, అరటిపండు పరిమళమును వెలువడును. ఇది కాదు, ఇదియు కాదని ఒక్కొక్క పొరను ఒల్చుచు పోయి నడిమి తత్త్వమును చేరు వేదాంతుల మార్గము దైగింజోను రుచిచూచునపుడు నాకు తప్పక స్ఫురించును. దానియందు గొప్ప నిర్మలత్వము కలదు. కాని ఆ నిర్మలత్వమునందు ఏదో వెలితి కూడ కలదని చెప్పక తప్పదు.

ఆ వెలితిని తీర్చునది దీనికి సరిగా ఎదురుదారి. కిమోతో యను ప్రాచీనపద్ధతిలో తోడును సిద్ధపఱచునపుడు ఆమ్లమును బయటినుండి పోయరు. కోజిని అన్నమును నీటిని కఱ్ఱలతో మెదిపి, గాలిలోను నీటిలోను కొయ్యలోను ఉన్న సూక్ష్మజీవులను తమంత తాముగ రానిత్తురు. ముందు నీటినుండి వచ్చిన జీవులు పెరుగును. పిదప ఆమ్లమును పుట్టించు జీవులు వచ్చి వానిని అణచును. ఆ ఆమ్లము హెచ్చినకొలది దానిని పుట్టించినవే దానికి లోబడి అంతరించును. అప్పటికి ఈస్టు ఒక్కటియే మిగిలి ఆ పుల్లనిచోట నిశ్చింతగ వర్ధిల్లును. దీనికంతకు రమారమి నెల పట్టును. 1909లో, మెదుపుట అనవసరమని తేల్చి యామాహాయి యను పద్ధతిని కనిపెట్టిరి. ఆ మఱుసటియేడే, ఆమ్లమును నేరుగా కలిపి సగము కాలముననే తోడును ముగించు పద్ధతి వచ్చినది. నేటి సాకేలో అధికభాగ మట్లు చేసినదే. అయినను కిమోతోను విడువనివారు కొందఱున్నారు. ఒక్కొక్క జీవి తన పని తీర్చి, తాను చేసినదానివలననే తాను తొలగి, తరువాతిదానికి చోటిచ్చుట యను ఈ వరుసను చూచినవానికి బౌద్ధుల ప్రతీత్యసముత్పాదమును, అనగా ఒకదాని నాశ్రయించి యొకటి పుట్టు ననుదానిని, గూర్చి వేఱుగ బోధింప నక్కఱలేదు. కిమోతోసాకేను గోరువెచ్చగా చేసి నాలుకపై నిలిపినపుడు పులుపును, అన్నపు కమ్మదనమును, చివర నొక వగరును వరుసగా వచ్చి పోవును. నా మనస్సు దీనివైపే మొగ్గును. పరిశుద్ధి యనగా తొలగించుట మాత్రమే యనుకొనువాడు దైగింజో దగ్గఱ ఆగును. రానిచ్చి, పండనిచ్చి, పోనిచ్చుటయు పరిశుద్ధియే యని కిమోతో చూపును.

నీటిసంగతి క్లుప్తముగ చెప్పెదను. కోబే చేరువనున్న నాదా ప్రాంతమున 1840లో గుర్తింపబడిన మియామిజు బావినీరు ఖనిజములు గలది. ఈస్టు దానియందు వడిగా పనిచేయును, సాకే గట్టిగా, పొడిగా నుండును. క్యోటోనగరపు ఫుషిమీ నీరు మెత్తనిది. అచటి సాకే మృదువు. హిరోషిమాలో మియురా సెంజాబురో యను నాతడు 1898నాటికి మెత్తనినీటికి తగిన పద్ధతిని ఏర్పఱచి, తన ప్రాంతపు నీటికి లోప మనుకొన్నదానినే గుణముగ మార్చెను.

సాకేను చేయు పెద్దపనివానిని తోజి యందురు. పూర్వము వీరు వేసవి యంతయు పొలముపని చేసికొని, చలికాలము రాగానే తమ యూరివారిని జట్టుగా వెంటబెట్టుకొని మద్యశాలలకు పోవు కర్షకులు. వీరికి మూలపురుషుడుగ పూజింపబడు ఇకుహి యనువాడు, నారాప్రాంతమున మివా పర్వతపాదమున నున్న ఓమివా మందిరమునందు చిన్న గుడిలో నెలకొనియున్నాడు. ఆ మందిరమునకు గర్భాలయము లేదు; పర్వతమే దైవము. 720లో ముగిసిన నిహొన్ షోకీ చరిత్రగ్రంథము ప్రకారము ఇకుహి రాజునకు సాకేను సమర్పించుచు, దీనిని చేసినవాడను నేను గాను, ఈ పర్వతదైవమే యను భావమును వెల్లడించెను. ఇది వినయోక్తి యని కొట్టివేయరాదు. కోజి పెరుగుట తోజి చేతిలో లేదు. ఈస్టు పనిచేయుట అతని చేతిలో లేదు. వేడిమిని, తడిని, కాలమును అమర్చి, మెలకువగా కాచుకొని యుండుట మాత్రమే అతని పని. కర్తృత్వమును విడిచి కర్మమును విడువకుండుట యెట్లని భగవద్గీత చదువువారు అడుగు ప్రశ్నకు, అర్ధరాత్రమున కోజిగదిలో బియ్యపుకుప్పలోనికి చేయి దూర్చి వేడిమి చూచు తోజి యొక సమాధానము. ఏటేట నవంబరు 14వ తేదీన ఆ మందిరమున సాకేయుత్సవము జరుగును. మద్యశాలల గుమ్మములపై వ్రేలాడు దేవదారుకొమ్మల బంతులు అచటి ఆచారమునుండి వచ్చినవే.

ఇంక షోచూ. సాకే చలిదేశపు సంతానమైనచో షోచూ దక్షిణపు వెచ్చనిదీవుల సంతానము. ఇది బట్టీపై ఒక్కసారి దింపినది, సాధారణముగ నూటికి 25 పాళ్ల సారము గలది. కాగోషిమాలో నేల అగ్నిపర్వతపు బూడిద. వరి సరిగా పండదు. మాయెదా రియెమోన్ అను నావికుడు 1705లో ర్యూక్యూ దీవులనుండి చిలగడదుంపను తెచ్చి నాటగా ఆ ప్రాంతమువారు కఱవులనుండి బ్రతికిరి. ఆతనికి గుడి కట్టి నేటికిని కొలుచుచున్నారు. ఆ దుంపతో చేసిన షోచూ మట్టివాసనతో, తీయని బరువుతో నుండును. ముందు వేడినీరు పోసి దానిపై షోచూను పోసి త్రాగుట అచటి వాడుక. ఓయితాలోను ఇకీ దీవిలోను యవలతోను, కుమమోతోలోని కుమా లోయలో బియ్యముతోను చేయుదురు. అమామీ దీవులు 1953లో జపానునకు మరల చేరినపుడు అచటివారికి మాత్రము నల్లబెల్లముతో షోచూ చేయు అనుమతి దొరికినది. బెల్లపువాసన యున్నను దానిలో తీపి లేదు, ఏలయన తీపి బట్టీ దాటి రాదు. కాగోషిమా ఉత్తరభాగమున కోరియామా హచిమాన్ మందిరమున నొక దూలపుచెక్కపై 1559లో వడ్రంగులు వ్రాసిపెట్టిన మాటలు మందిరమును విప్పి బాగుచేయునపుడు బయటపడినవి: పని చేయించిన పెద్దమనుష్యుడు మిక్కిలి పిసినిగొట్టు, ఒక్కసారియైనను మాకు షోచూ పోయలేదని వారి మొఱ. దేవుని యిల్లు కట్టు శ్రమకు తగిన ఆదరణగా వారు దానిని కోరిరి. వారు కోరినది మత్తు మాత్రమే కాదు, గుర్తింపు.

ఒకినావా దీవుల అవమోరి వీనిలో నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేసినది. పొడుగుగింజల థాయిబియ్యము నంతటిని నల్లకోజితో బూజుపట్టించి, పులియబెట్టి, బట్టీపై దింపుదురు. నల్లకోజి పుట్టించు నిమ్మపులుసు వంటి ఆమ్లమువలన అంతటి ఉక్కలోను తొట్టి చెడదు. మూడేండ్లకు తక్కువగాక నిలువచేసినదానిని కూసు అందురు. జాడీలను వయస్సు వరుసను ఉంచి, మిక్కిలి పాతదానినుండి కొంత తీసినపుడు ఆ వెలితిని దాని తరువాతిదానినుండియు, దాని వెలితిని ఇంకను చిన్నదానినుండియు పూరింతురు. మన ఇండ్లలో పూర్వము తరవాణికుండను ఎన్నడును వట్టిబోనీయక, తీసినంత మేరకు మరల పోయుచు తరతరములు నిలిపినట్లే. అట్టి పాతజాడీలో మొదటినాటి చుక్క ఏది? ఉన్నదనుటకు చూపలేము, లేదనుటకు రుచి ఒప్పుకొనదు. నాగసేనుడను బౌద్ధభిక్షువు మిలిందరాజునకు రాత్రియంతయు వెలుగు దీపమును చూపి, తొలిజామున నున్న జ్వాలయు చివరిజామున నున్న జ్వాలయు ఒక్కటియు కావు, వేఱును కావని చెప్పెను గదా; ఆ సంతానవాదమును ఒక్క గుటకలో తెలియజేయు వస్తువు వేఱొకటి నాకు కనబడలేదు. ఆ ప్రవాహము ఎడతెగనిదను భ్రమ కూడ కూడదు. 1945నాటి యుద్ధమున ఒకినావాలోని తరతరముల జాడీలు పగిలిపోయినవి, బూజువిత్తనములును నశించినవి. యుద్ధమునకు ముందు సకగూచీ కిన్ఇచిరో యను శాస్త్రజ్ఞుడు సేకరించి టోక్యో విశ్వవిద్యాలయమున భద్రపఱచిన నల్లకోజినుండి, 1990 దశకపు చివర యుద్ధపూర్వపు అవమోరిని మరల చేయగలిగిరి. ఎవరో ఒకరు ఏమఱకుండుటవలననే గదా ఆ ప్రవాహము నిలిచినది.

ఇన్ని భేదములను చెప్పినపిదప అసలు చిక్కు మిగిలియేయున్నది. దానిని తప్పించుకొని పోవుట నా ఉద్దేశము కాదు. సంగీతమును వినుకొలది చెవి పదునెక్కును. కావ్యమును చదువుకొలది బుద్ధి విచ్చును. ఈ పానీయముల విషయమున మాత్రము ఆస్వాదింపబడు వస్తువే ఆస్వాదించు ఇంద్రియమును మొద్దుబార్చును. మొదటి పాత్రలో ఆపిలుపండు తెలిసినవానికి మూడవ పాత్రలో అది తెలియదు. అయిదవదానిలో తెలియలేదన్న సంగతియు తెలియదు. రుచిని సాధనముగ చెప్పువారందఱికి ఇదియే గట్టి ఆక్షేపణ. కాని దీనికి సమాధానము ఆ విద్యను బాగుగ నెఱిగినవారి నడవడియందే దొరకుచున్నది. 1911 మొదలు జరుగుచున్న క్రొత్తసాకేల జాతీయపరీక్షలో పరీక్షకులు కొద్దిగా పుక్కిట పట్టి, గాలిని లోనికి పీల్చి వాసన నెఱిగి, పిదప ఉమిసివేయుదురు. అందఱికంటె ఎక్కువ తెలిసినవారు అందఱికంటె తక్కువ మ్రింగుదురు. విందులలోను వివేకులు పాత్రకు పాత్రకు నడుమ మంచినీరు త్రాగుదురు. ఇచట నియమము బయటినుండి వచ్చి రుచికి అడ్డుతగులుట లేదు. రుచియే తన మనుగడకై నియమమును కోరుచున్నది. రుచిని నిజముగ ప్రేమించువాడు దానిని కాపాడుకొనుటకైనను పాత్రను దించవలెను. ఈశావాస్యోపనిషత్తు తన మొదటి మంత్రమున త్యాగమును భోగమును ఒక్క వాక్యమున నిలిపినది. భోగించి పిమ్మట త్యజించుట, త్యజించి పిమ్మట ఊఱడిల్లుట యని వానిని వేఱుచేసి అర్థము చెప్పుకొనుట మనకు వాడుక. ఆ రెండును ఒక్క క్షణమున నుండగలవని నేను గ్రంథములయందుకంటె ఈ పానీయముల చెంతనే స్పష్టముగ తెలిసికొంటిని.

ఇది అందఱికిని అనుజ్ఞ యని ఎవరైనను అందురేమో యను భయము నాకు కలదు. పదునాలుగవ శతాబ్దిలో యోషిదా కెంకో యను సన్న్యాసి త్సురెజురెగుసా యను తన గ్రంథమున 175వ ప్రకరణమును త్రాగుడునకే కేటాయించి, పెద్దలు పిచ్చివారై పోవుటను, మఱునాటి తలనొప్పిని, పోయిన సొత్తును, చెడిన ఆరోగ్యమును, పరలోకమున కలుగు దుర్గతిని సుదీర్ఘముగ వర్ణించెను. ఆ వెంటనే వెన్నెలరాత్రియందును మంచు కురియునాడును మిత్రునితో పంచుకొను పాత్రయందలి సొగసును గూడ వర్ణించెను. రెంటిని కలిపి యొక సిద్ధాంతము చేయుటకు ఆయన ప్రయత్నింపలేదు. కాని కీడును ముందు చెప్పెను, నిడివిగా చెప్పెను. ఆ క్రమమే సరియైనదని నా అభిప్రాయము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి దుకాణముపై తిరుగబడినపుడు, తమ కూలిడబ్బు ఏ పాత్రలోనికి పోవుచున్నదో వారికి తెలియును. వారియెదుట దైగింజో పరిమళమును గూర్చి పలుకుటకు నాకు నోరు రాదు. ఏమరుపాటునకే అలవాటుపడినవానికి, దుఃఖమును మఱచుటకు మాత్రమే పాత్రను ఎత్తువానికి, శీలము ఎట్లు విధించునో అట్లే పాటించుట మేలు. అట్టివానికి రుచి నేర్పువాడు మిత్రుడు కాడు. నేను చెప్పునది ఇంతే: శీలము నిషేధించినది ఏమరుపాటును, ఏమరుపాటు లేని ఆస్వాదము సంభవమే, అది సంభవించునపుడు అది శీలమునకు విరోధి కాదు. షోర్యాకుజి భిక్షువులు ఈ మాటను ఒప్పుకొందురో లేదో గాని, ఇప్పటికిని ఏటేట జనవరిమాసమున నారా మద్యశాలలవారు ఆ ఆలయమునకు పోయి, ప్రాచీనపద్ధతిలో తోడును అచటనే సిద్ధపఱచుకొని వచ్చుచున్నారు.

షింతో మందిరములలో దైవమునకు అర్పించిన సాకేను పూజ ముగిసినపిదప ప్రసాదముగ పంచిపెట్టుదురు. అర్పింపబడునది మంచిదై యుండవలెను. పంచునది మిక్కిలి స్వల్పము. త్రాగనివాడు, బండి నడుపవలసినవాడు, పాత్రను పెదవుల కాన్చి దించినను ఆ కర్మకు లోపము లేదు. వివాహమునందు వధూవరులు మూడు పాత్రలను మూడేసి సారులు ఎత్తునపుడుగూడ, ప్రతిపాత్రను మొదటి రెండుసారులు పెదవులకు ఆన్చి, మూడవసారి మాత్రమే మ్రింగుట పలుచోట్ల పాటింపబడు పద్ధతి.